బరువు తగ్గే ఆపరేషన్, పీసీఓడీ: రాయగడ నుంచి బరంపురం దాకా మనవాళ్ళు అడిగే ప్రశ్నలు

మాది గుణుపురం. విశాఖపట్నంలో బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే ఆపరేషన్లు చేసే వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా పనిచేసి ఇంటికి తిరిగి వచ్చాను. అప్పట్నుంచి రాయగడ, పర్లాకిమిడి, జయపురం, బరంపురం వైపు నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. ఎక్కువమంది తల్లులే. "మా పాపకి నీటి బుడగలట, ఆపరేషన్ చేయిస్తే పోతాయటనా?" అని మొదలుపెడతారు. అడిగే ప్రశ్నలు ఇంచుమించు అవే గనక జవాబులన్నీ ఒకచోట రాశాను. చదివాక మీ డాక్టర్‌తో కూర్చుని మాట్లాడండి. మీ రిపోర్టులు చూసి నిర్ణయించాల్సింది వాళ్ళే.

ఆపరేషన్‌లో నీటి బుడగలు తీసేస్తారా?

తీయరు. ఈ ఆపరేషన్ జీర్ణాశయం మీద జరుగుతుంది, అండాశయాల జోలికి పోరు. స్కానింగ్‌లో కనిపించే బుడగలు నిజానికి సగం ఎదిగి ఆగిపోయిన అండాల సంచులు. అవి ఉన్నంత మాత్రాన పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని జబ్బు) ఉందని కూడా చెప్పలేం. 2003లో నిపుణులు పెట్టుకున్న లెక్క ప్రకారం మూడు లక్షణాల్లో కనీసం రెండు ఉండాలి: నెలసరి సరిగా రాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువవడం, స్కానింగ్‌లో బుడగలు. థైరాయిడ్, ప్రొలాక్టిన్ హార్మోన్ల తేడాలు కూడా ఇలాగే కనిపిస్తాయి గనక ముందు ఆ రక్తపరీక్షలు చేయించాలి. ఒక్క స్కానింగ్ కాగితం పట్టుకుని ఆపరేషన్ దాకా వెళ్ళిపోయే కుటుంబాలను చూసి నాకు భయమేస్తుంది.

పొట్టకి ఆపరేషన్ చేస్తే నెలసరి ఎలా బాగుపడుతుంది?

మధ్యలో ఉన్నది ఇన్సులిన్. పీసీఓడీ ఉన్న చాలామందిలో శరీరం ఇన్సులిన్ మాట వినదు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయం మీద పడి మగ హార్మోన్ తయారయ్యేలా చేస్తుంది. మరోవైపు, ఆ హార్మోన్‌ను కట్టిపడేసే ప్రొటీన్ కాలేయంలో తక్కువ తయారవుతుంది. రెండు వైపుల నుంచీ దెబ్బ. అందుకే అండం విడుదల కాదు, నెలసరి రాదు, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి.

స్లీవ్ ఆపరేషన్‌లో జీర్ణాశయంలో నాలుగింట దాదాపు మూడొంతులు తీసేసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. బైపాస్ అనే రెండో రకంలో జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకు కలుపుతారు. తినేది తగ్గుతుంది, ఆకలి హార్మోన్లు మారతాయి, బరువు తగ్గుతుంది, ఇన్సులిన్ దిగుతుంది. ఇన్సులిన్ దిగితే అండాశయం మీద ఒత్తిడి పోతుంది.

ఇన్సులిన్ ఎక్కువగా ఉందనడానికి కంటికి కనబడే గుర్తు మెడ వెనక నలుపు. పెళ్ళిచూపుల ముందురోజు ఒక తల్లి కూతురి మెడని శనగపిండీ నిమ్మచెక్కా పెట్టి రుద్దితే చర్మం లేచిపోయింది. మరో పనిమీద వాళ్ళింటికి వెళ్ళి చూశాను. పిల్ల చున్నీ తీయడానికి ఒప్పుకోలేదు, తీశాక ఎర్రటి పుండు. అది మట్టి కాదమ్మా, రుద్దితే పోదు. లోపల ఇన్సులిన్ తగ్గితే ఆ నలుపు కూడా మెల్లగా పలచబడుతుంది. ఆపరేషన్ తర్వాత చాలామందికి మొదట తేడా తెలిసేది అక్కడే.

నెలసరి ఎన్నాళ్ళకి దారిలో పడుతుంది?

చాలామందికి కొన్ని నెలల్లోనే. బరువు పూర్తిగా తగ్గకముందే మొదలవుతుంది. 2024లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ నుంచి ఒక పరిశోధన వచ్చింది. పీసీఓడీ ఉండి, బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 35 గానీ అంతకు మించి గానీ ఉండి, నెలసరి సరిగా రాని 80 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి స్లీవ్ ఆపరేషన్, మరో జట్టుకి మందులు, ఆహార సలహాలు. ఏడాదిలో మందుల జట్టులో మధ్యస్థంగా 2 సార్లు అండం విడుదలైతే, ఆపరేషన్ జట్టులో 6 సార్లు విడుదలైంది. అందరికీ నెలనెలా వచ్చేసిందని దీని అర్థం కాదు. ఏడాదికి పన్నెండు నెలలు, విడుదలైనవి ఆరు. అయినా అది చాలా పెద్ద మార్పు. ఇబ్బందులు కూడా ఆపరేషన్ జట్టులోనే ఎక్కువ కనిపించాయి, అదీ చెప్పాలి.

మొదటి నెలల్లో రక్తస్రావం అస్తవ్యస్తంగా ఉండొచ్చు. కొవ్వులో దాగిన ఈస్ట్రోజన్ బయటికి వస్తుంది గనక ఒక్కోసారి ఎక్కువగా కూడా అవుతుంది. గంటకో ప్యాడ్ మార్చాల్సి వస్తే ఆగకండి, ఆస్పత్రికి వెళ్ళండి.

మన పక్కింటి ఒడియా వాళ్ళు జూన్ నెలలో రజొ పండగ చేస్తారు. భూదేవికి నెలసరి వచ్చిందని మూడు రోజులు దున్నడం మానేసి, ఆడపిల్లల్ని ఉయ్యాలలో ఊపుతారు. అంత గౌరవం ఇచ్చే నేల మీద ఉండి, ఆరు నెలలు డేట్ రాకపోతే మన పిల్లలు ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడతారు. మూడు నెలలు దాటి రాకపోతే తప్పకుండా చూపించండి. ఏళ్ళ తరబడి అలా వదిలేస్తే గర్భాశయం లోపలి పొర మందమై, ముందుముందు క్యాన్సర్‌కి దారి తీసే ప్రమాదం ఉంది.

గడ్డం, పెదవి మీద వెంట్రుకలు పోతాయా?

ఇక్కడే ఎక్కువమంది నిరాశపడతారు. నెలసరి తొందరగా బాగుపడుతుంది, వెంట్రుకలు ఆలస్యం. ఒకసారి ముదిరిన వెంట్రుక హార్మోన్ తగ్గగానే మళ్ళీ నూగుగా మారిపోదు. కొత్తవి రావడం తగ్గుతుంది, ఉన్నవి నెమ్మదిగా పెరుగుతాయి. ఆ తేడా తెలియడానికే ఆరు నెలలు పైన పడుతుంది. చాలా పరిశోధనలు కలిపి చూసిన లెక్కల్లో కూడా నెలసరి తేడాలు బాగా తగ్గాయి గానీ అవాంఛిత రోమాలు చాలామందికి మిగిలే ఉన్నాయి. వాటికి లేజర్ లాంటివి విడిగా చేయించుకోవాలి.

మరి తల వెంట్రుకలు రాలుతున్నాయేం?

ఆపరేషన్ తర్వాత మూడో నెల నుంచి ఆరో నెల మధ్య చాలామందికి జుట్టు గుప్పెళ్ళతో ఊడుతుంది. బరువు ఒక్కసారిగా తగ్గిన దెబ్బ అది. సాధారణంగా ఏడాది తిరిగేలోపు మళ్ళీ వస్తుంది. ప్రొటీన్, ఐరన్ తక్కువైతే మాత్రం రాలుతూనే ఉంటుంది, పరీక్ష చేయించాలి.

ఆపరేషన్ చేయిస్తే పిల్లలు పుడతారా?

అవకాశం పెరుగుతుంది. కానీ ఆపరేషన్ అయిన మొదటి ఏడాది గర్భం రాకూడదు. సాధారణంగా 12 నుంచి 18 నెలలు, బరువు ఒకచోట నిలబడేదాకా ఆగమంటారు. ఆ నెలల్లో తల్లి ఒంట్లోనే ఐరన్, బీ12, ఫోలిక్ ఆసిడ్, ప్రొటీన్ అన్నీ అడుగంటుతూ ఉంటాయి. కడుపులో బిడ్డకి ఇవ్వడానికి ఏం మిగులుతుంది?

మా పిన్ని కూతురికి పెళ్ళై ఏడేళ్ళు. పిల్లల్లేరు. ఏటా రెండు మూడు సార్లే డేట్ వచ్చేది. ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు, బాగానే చేశారు. డిశ్చార్జ్ రోజున తిండి గురించి అరగంట చెప్పారట. గర్భం రాకుండా చూసుకోమని ఒక్కరూ చెప్పలేదు. ఏడేళ్ళుగా రానిది ఇప్పుడు రాకుండా ఎందుకు ఆపుకోవాలని అదీ అనుకుంది. నాలుగో నెలలో నెల తప్పింది. ఇంట్లో అందరికీ సంతోషం. నాకు ఫోన్ చేసి చెప్తుంటే నేను సంతోషం నటించాను. తర్వాత తొమ్మిది నెలలూ మా అందరికీ టెన్షనే. హిమోగ్లోబిన్ పడిపోయింది, రెండుసార్లు ఐరన్ ఎక్కించాల్సి వచ్చింది. బిడ్డ తక్కువ బరువుతో పుట్టాడు. ఇప్పుడు బాగున్నాడు, పరిగెడుతున్నాడు. కానీ ఆ భయం ఎవరికీ రాకూడదు. ఏడేళ్ళుగా గర్భం రాలేదన్నది రక్షణ అనుకోకండి. ఆపరేషన్ తర్వాత మీరు మునుపటి మనిషి కాదు, అండం ఏ నెలలో విడుదలవుతుందో మీకు తెలియదు.

గడువు దాటాక వచ్చే గర్భం మాత్రం చాలావరకు మునుపటి కంటే క్షేమం. గర్భంలో వచ్చే సుగర్, బీపీ తగ్గుతాయి. బిడ్డ కాస్త చిన్నగా పుట్టే అవకాశం ఉంది గనక స్కానింగులు మానకూడదు.

వయసు 35 దాటిన వాళ్ళకి ఏడాదిన్నర ఆగడం కూడా బరువే. అలాంటివాళ్ళు ఆపరేషన్‌కి ముందే సంతాన వైద్యుల దగ్గర ఒకసారి లెక్క వేయించుకోవాలి.

ఆ ఏడాది గర్భం రాకుండా ఏం వాడాలి?

నన్నడిగితే కాపర్ టీ. కడుపుకీ పేగుకీ సంబంధం లేదు, ప్రభుత్వాస్పత్రిలో ఉచితంగా వేస్తారు. హార్మోన్ లూప్ కూడా మంచిదే, రక్తస్రావం తగ్గిస్తుంది.

మాలా-ఎన్ లాంటి మాత్రలు బైపాస్ అయినవాళ్ళకి సరిగా ఒంటబట్టకపోవచ్చు. వాంతులు, విరేచనాలు అయితే ఎవరికైనా అంతే. పైగా ఇలాంటి మాత్రలతో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది గనక ఆపరేషన్‌కి కొన్ని వారాల ముందే ఆపమంటారు. పీసీఓడీకని వాటినే వాడుతున్నవాళ్ళు సర్జన్‌కి తప్పక చెప్పాలి.

ఆశా దీదీ ఇచ్చే ఛాయా మాత్ర పీసీఓడీ ఉన్నవాళ్ళకి పనికిరాదు. ఆమె ప్రేమగా ఇస్తుంది, మీ జబ్బు సంగతి ఆమెకి తెలియకపోవచ్చు. చెప్పి అడగండి. అంతర ఇంజెక్షన్ పనిచేస్తుంది గానీ కొందరికి బరువు పెంచుతుంది, ఆపాక అండం విడుదల ఆలస్యమవుతుంది. పిల్లల కోసం చూసేవాళ్ళకి ఆ ఆలస్యం బాధ.

గర్భం వచ్చాక ఊరి ఆస్పత్రిలో ఏం చెప్పాలి?

మొదట, గ్లూకోజ్ నీళ్ళు తాగించే పరీక్ష గురించి. మన దగ్గర గర్భిణులందరికీ 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి సుగర్ చూస్తారు. బైపాస్ అయినవాళ్ళు అది తాగితే చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్ళు తిరిగి పడిపోవచ్చు. స్లీవ్ అయినవాళ్ళకీ కొందరికి ఇలా అవుతుంది. గ్లాసు చేతికిచ్చే ముందే ఆపరేషన్ సంగతి చెప్పండి. బదులుగా ఒక వారం ఇంట్లో వేలి మీద చుక్కతో సుగర్ చూసుకోవచ్చు.

రెండోది, అందరికీ ఇచ్చే ఐరన్ మాత్ర మీకు చాలకపోవచ్చు.

ఈ ఆపరేషన్ ఎవరికి చేస్తారు?

బరువుని బట్టి, జబ్బులని బట్టి. మనలాంటి ఆసియా వాళ్ళకి తక్కువ బరువులోనే సుగర్, బీపీ వస్తాయి గనక 2022లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు మనకి బీఎంఐ 27.5 దాటితే ఈ ఆపరేషన్ అవకాశం ఇవ్వాలన్నాయి. 155 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయికి అది దాదాపు 66 కిలోలు. అవకాశం ఇవ్వాలన్నారు, చేసి తీరాలనలేదు. 66 కిలోల పిల్లకి కేవలం పీసీఓడీ కోసం ఆపరేషన్ అంటే నేనైతే ఇంకో డాక్టర్‌ని అడగకుండా ఒప్పుకోను. అదే ఎత్తుకి 84 కిలోలంటే బీఎంఐ 35. సుగర్ కూడా మొదలై, ఆహారం, నడక, మందులు నిజంగా ప్రయత్నించి చూసినవాళ్ళు అయితే ఆపరేషన్ గురించి గట్టిగా ఆలోచించాల్సిందే.

బరువులో వందకి ఐదు నుంచి పది వంతులు తగ్గినా చాలామందికి నెలసరి మొదలవుతుంది. 84 కిలోల మనిషికి అది నాలుగు నుంచి ఎనిమిది కిలోలు.

సన్నగా ఉన్నా పీసీఓడీ ఉంది. నాకూ చేస్తారా?

చేయరు, చేయకూడదు.

బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయిగా?

వచ్చాయి. టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు 2025లో బరువు తగ్గడానికి కూడా మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. బాగా పనిచేస్తాయి. ఆపేస్తే చాలామందికి బరువు తిరిగొస్తుంది. గర్భంలో వాడకూడదు, సెమాగ్లూటైడ్ అయితే గర్భానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. టిర్జెపటైడ్ వాడేటప్పుడు గర్భనిరోధక మాత్రల పని కూడా తగ్గవచ్చు.

తిండి సంగతేంటి? చోడి (రాగి) అంబలి తాగొచ్చా?

మొదటి రెండు వారాలు ద్రవాలే. వార్డులో మేము 30 మిల్లీలీటర్ల చిన్న ప్లాస్టిక్ కప్పు ఇచ్చేవాళ్ళం. దగ్గు మందు కప్పులాంటిది. ఒక్కో కప్పు పావుగంట సేపు చప్పరించాలి. నడివయసు ఆవిడ ఒకరు మొదటి కప్పు గటగటా తాగేసి, గుండె మీద చేయి పెట్టుకుని మంచం అంచున అలాగే వంగిపోయింది. రెండో కప్పు నుంచి గడియారం చూసి తాగింది. తర్వాత మెత్తని తిండి, ఆ తర్వాత మామూలు తిండి, అన్నీ కొంచెం కొంచెం. తిండికీ నీళ్ళకీ మధ్య అరగంట తేడా ఉండాలి.

చోడి అంబలి కాల్షియంకి చాలా మంచిది, కానీ ప్రొటీన్ తక్కువ. రోజుకి కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అందాలి. చిన్న కడుపుని అంబలితోనో చద్దన్నంతోనో నింపేస్తే గుడ్డుకి, చేపకి, పప్పుకి చోటుండదు. అందుకని ముందు గుడ్డో చేపో తినండి, ఆఖర్న రెండు చెంచాల అన్నం. మాంసాహారం తిననివాళ్ళకి ఉలవలు, పెరుగు, పనీర్, సోయా. ఒడియా ఇళ్ళల్లో చేసే డాల్మా (పప్పూ కూరగాయలూ కలిపి వండేది) కూడా మంచిదే, పప్పు ఎక్కువ వేసి ఉడికించండి.

విటమిన్ మాత్రలు బతికినంత కాలం. ఐరన్, కాల్షియం ఒకేసారి వేసుకోకండి, రెండు గంటల తేడా ఉండాలి. ఐరన్ మాత్ర టీతో మింగితే ఒంటబట్టదు.

పండగకి జీలుగు కల్లు, సారా తాగే ఇళ్ళున్నాయి. ఆపరేషన్ అయ్యాక అదే గుక్క తొందరగా, ఎక్కువగా ఎక్కుతుంది. మానేయడమే మేలు.

నెలసరి నొప్పికి మెఫ్తాల్, ఐబుప్రొఫెన్ లాంటివి దుకాణంలో కొని మింగే అలవాటు మనకుంది. బైపాస్ అయినవాళ్ళకి అవి కడుపులో పుండు చేయొచ్చు. పారాసిటమాల్ వాడండి, చాలకపోతే డాక్టర్‌ని అడగండి.

ప్రాణానికి ప్రమాదమా?

అనుభవం ఉన్న చోట చాలా అరుదు. అయినా కుట్టు దగ్గర కారడం, రక్తస్రావం, కాళ్ళల్లో రక్తం గడ్డకట్టడం జరగొచ్చు. బరువు తొందరగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు కూడా వస్తాయి.

ఊరికి వచ్చాక నేను ఎక్కువ భయపడేది వాంతులకి. రెండు మూడు రోజులు దాటి ఆగకుండా వాంతులైతే విటమిన్ బీ1 (థయామిన్) అడుగంటే ప్రమాదం ఉంది. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మతి తప్పడం వరకు వెళ్తుంది. దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్తే నీరసమని గ్లూకోజ్ సెలైన్ పెట్టేస్తారు. బీ1 ఇంజెక్షన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకి దెబ్బ తగలొచ్చు. "బేరియాట్రిక్ ఆపరేషన్ అయింది, ముందు థయామిన్ ఇవ్వండి" అన్న మాట ఇంట్లో అందరికీ నేర్పండి. ఫైలు అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టండి.

ఇంకొకటి మన ప్రాంతానికే సంబంధించినది. దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మత్తు ఇచ్చేటప్పుడు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాళ్ళకి ప్రమాదం ఎక్కువ. ఇంట్లో ఎవరికున్నా ఆపరేషన్‌కి ముందే పరీక్ష చేయించి చెప్పండి.

ఇన్సూరెన్స్ వస్తుందా?

ప్రైవేటు పాలసీలకు బీమా నియంత్రణ సంస్థ పెట్టిన షరతు ఇది: వయసు 18 నిండాలి, బీఎంఐ 40 గానీ అంతకు మించి గానీ ఉండాలి, లేదా 35 గానీ అంతకు మించి గానీ ఉండి గుండె జబ్బు, తీవ్రమైన నిద్రలో ఊపిరాగే జబ్బు, మందులకు లొంగని సుగర్ లాంటివి ఉండాలి. ఆ వరుసలో పీసీఓడీ లేదు. ఒక్క పీసీఓడీ పేరుతో పెడితే క్లెయిమ్ తిరిగొచ్చే అవకాశం ఎక్కువ. సుగర్, గురక సమస్య నిజంగా ఉంటే ఆ పరీక్షల కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి. ఆంధ్రా రేషన్ కార్డు మీద నడిచే ఆరోగ్య పథకం ఒడిశా చిరునామా ఉన్నవాళ్ళకి రాదు. చుట్టాల కార్డు మీద చేయిద్దామన్న ఆలోచన వద్దు, మధ్యలో ఆపేస్తే మనిషి ఇరుక్కుపోతుంది. ఒడిశా కార్డు విశాఖలో చెల్లుతుందా, ఈ ఆపరేషన్‌కి చెల్లుతుందా అన్నది చేరే ముందే ఆ ఆస్పత్రి కౌంటర్‌లో రాతపూర్వకంగా అడగండి.

బరువు మళ్ళీ పెరిగితే?

పీసీఓడీ కూడా తిరిగి రావచ్చు. జబ్బు వేళ్ళతో సహా పోదు, అణిగి ఉంటుంది. నెలసరి మళ్ళీ వెనక్కి జరగడం మొదలైతే అది తొలి హెచ్చరిక.

పెళ్ళి సంబంధం వాళ్ళకి చెప్పాలా?

చెప్పమనే అంటాను. పెళ్ళైన నెలకే విందుల్లో "ఇంతేనా తినేది" అంటూ వడ్డిస్తారు, మూడో నెల నుంచి "విశేషమేమైనా ఉందా" అని అడుగుతారు. నిజం తెలియని అత్తారింట్లో ఆ రెండూ పిల్ల ఒక్కతే మొయ్యాలి. అలాగే సంబంధం కుదరడం కోసమని పిల్లని ఆపరేషన్‌కి తొందరపెట్టకండి. ఒప్పుకోవాల్సింది ఆ అమ్మాయి. నలుగురి మధ్య అడిగితే తల ఊపుతుంది, ఒంటరిగా అడగండి.

విశాఖ దూరం. ఆపరేషన్ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళాలి?

మొదటి ఏడాది నాలుగైదు సార్లు, తర్వాత ఏడాదికి ఒకసారి. రాయగడ నుంచి రైల్లో నాలుగైదు గంటలు, కోరాపుట్ వాళ్ళకి అరకు ఘాటు దిగి రావాలి. మూడోసారికల్లా "బాగానే ఉన్నాగా" అని మానేస్తారు. రక్తం తగ్గేది అప్పుడే. వెళ్ళలేకపోతే కనీసం హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఐరన్ నిల్వ), బీ12, విటమిన్ డీ, సుగర్ పరీక్షలు దగ్గర్లో చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపండి. బరంపురం, కోరాపుట్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, అక్కడి స్త్రీల విభాగంలో కూడా ఒక ఫైలు తెరిపించుకోండి.

డిశ్చార్జ్ కాగితం మూడు కాపీలు తీయించండి. ఒకటి ఇంట్లో, ఒకటి ఆశా దీదీ దగ్గర, ఒకటి ఫోన్‌లో ఫొటోగా. ఏ ఆపరేషన్, ఏ తేదీ, కాపర్ టీ ఎప్పుడు వేశారు, ఏ తేదీ దాకా గర్భం వద్దన్నారు, ఈ నాలుగూ కాగితం పైన తెలుగులోనూ ఒడియాలోనూ రాయించండి. రాత్రి పూట డ్యూటీలో ఉండే నర్సుకి ఆ నాలుగు ముక్కలే ముందు కావాలి.